పాపకి మొదటి చెకప్, వెంటనే తిరుపతి ప్రయాణం: రెండూ ఇప్పుడే పెట్టుకోవచ్చా?

కొత్తనాన్న_రాజమండ్రి
పోయిన నెల మా ఇంటికి పాప వచ్చింది. రెండున్నరేళ్లు. దత్తత కోసం కారాలో (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్ చేసుకుని ఏళ్లు ఎదురుచూశాక వేరే జిల్లా శిశుగృహ నుంచి తెచ్చుకున్నాం. ప్రస్తుతం ఫోస్టర్ కేర్ కాగితం మీద మా దగ్గరుంది. కలెక్టర్ గారి దత్తత ఆర్డర్ ఇంకా రావాలి.

వచ్చే వారం పిల్లల డాక్టర్ దగ్గర మొదటి చెకప్. శిశుగృహ వాళ్లిచ్చిన మెడికల్ రిపోర్టులో హిమోగ్లోబిన్ 8.9 అని ఉంది, మిగతావన్నీ నార్మల్. ఆ టెస్టులు మళ్లీ చేయించాలా? డాక్టర్ "డెలివరీ నార్మలా, పుట్టినప్పుడు బరువెంత" అని అడిగితే పాప ముందు ఏం చెప్పాలి? మొన్న జలుబు చేస్తే ఒక ఆసుపత్రికి వెళ్లాం. కౌంటర్ దగ్గర అమ్మాయి ఫైలు చూసి, వెనక పదిమంది నిలబడి ఉండగా "సొంత పాప కాదా అండీ?" అని గట్టిగా అడిగింది. నా భార్య ఆ రాత్రి అన్నం తినలేదు.

రెండోది. మా అమ్మ పాప వస్తే తిరుమలలో తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుంది. చెకప్ అయిన వారానికే టెంపో ట్రావెలర్ మాట్లాడి బాబాయిలు, అత్తలు, వాళ్ల పిల్లలు అందరం వెళ్దామంటున్నారు. అందరూ సంతోషంగా ఉన్నారు, కాదనలేకపోతున్నాను. కానీ మనసులో ఏదో టెన్షన్.

పాలపిట్ట
చెకప్‌కి ఫైలు మొత్తం పట్టుకెళ్లండి: మెడికల్ రిపోర్ట్, చైల్డ్ స్టడీ రిపోర్ట్, టీకాల కార్డు. వీటికంటే ముఖ్యమైనది ఒకటుంది. శిశుగృహ ఆయమ్మకి ఫోన్ చేసి పాప ఎన్నింటికి పడుకునేది, ఏం తినేది, ఎలా పడుకోబెట్టేవారు, ఏవైనా మందులు వాడారా అడిగి రాసుకోండి. మాకు అలా అడిగితేనే తెలిసింది, మావాడు పక్కన ఇంకో పిల్లాడు లేకపోతే నిద్రపోడని.

పెన్షనర్_తాత
మొక్కు మొక్కే బాబూ. మీ అమ్మగారు ఎన్నాళ్లు దేవుడి ముందు కళ్లు తుడుచుకుని ఉంటారో! పదిమంది బంధువుల మధ్య పిల్ల తిరిగితే "వీళ్లంతా నావాళ్లు" అని దానికి తెలుస్తుంది. తిరుమలలో క్యూలో పిల్లలకి పాలు ఇస్తారు, భోజనం పెడతారు. భయం దేనికి?

ఏలూరు_సత్య
చిన్నపిల్లలున్న తల్లిదండ్రులకి సుపథం (ప్రత్యేక ప్రవేశ మార్గం) నుంచి దర్శనం ఉంటుంది కదా, క్యూ బాధ ఉండదు.

పాలపిట్ట
@ఏలూరు_సత్య అది ఏడాదిలోపు పిల్లలకండీ. ఈ పాపకి రెండున్నర. మామూలు దర్శనమే.

చిన్నపిల్లల_డాక్టర్
నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. పాపని చూసిన డాక్టర్ మాటే చివరి మాట.

8.9 గురించి. ఈ వయసులో 11 కన్నా తగ్గితే రక్తహీనత అంటాం, 7కీ 10కీ మధ్య ఉంటే మధ్యస్థం. ఎక్కువగా ఐరన్ లోపమే. పాలు, అన్నం మీద పెరిగిన పిల్లల్లో మరీ ఎక్కువ. రోజుకి అర లీటరు మించి పాలు పట్టకండి, ఆకలి చచ్చిపోతుంది, ఐరన్ కూడా ఒంటికి పట్టదు. డాక్టర్ బరువు చూసి సిరప్ రాస్తారు. దాన్ని పాలతో కలిపి ఇవ్వొద్దు, బత్తాయి రసమో నిమ్మరసమో పక్కన ఉంటే మంచిది. హిమోగ్లోబిన్ నార్మల్ అవగానే ఆపేయకుండా ఒంట్లో నిల్వలు నిండేదాకా కొన్ని నెలలు వాడాలి. సరిగ్గా వాడినా పెరగకపోతే థలసీమియా, సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బులు) కోసం హెచ్‌పీఎల్‌సీ అనే రక్త పరీక్ష చేయించాలి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉంది కాబట్టి పాప ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే చెప్పండి.

నులిపురుగుల మందు వేశారో లేదో అడగండి. రెండేళ్లు దాటాక ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, ఏడాదికీ రెండేళ్లకీ మధ్య వాళ్లకి సగం.

టీకాలు: కార్డులో రాసినదాన్ని ఒంటితో సరిపోల్చండి. ఎడమ భుజం మీద బీసీజీ (టీబీ టీకా) మచ్చ ఉందా? కొందరికి మచ్చ పడదు, అది వేరే సంగతి. 9 నెలలప్పుడు ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి మీజిల్స్-రుబెల్లా పడాలి, డీపీటీ బూస్టర్ కూడా ఆ సమయంలోనే. ఏదైనా వేశారని కాగితం లేకపోతే వేయనట్టే అనుకుని మళ్లీ వేస్తాం. దాదాపు ఏ టీకా రెండోసారి పడినా పిల్లకి హాని ఉండదు. చికెన్‌పాక్స్, టైఫాయిడ్, హెపటైటిస్-ఎ ప్రభుత్వ షెడ్యూల్లో ఉండవు, అవి డబ్బు పెట్టి వేయించుకోవాలి. ఒకేరోజు అన్నీ అక్కర్లేదు.

హెచ్ఐవీ, హెపటైటిస్-బి, సిఫిలిస్, థైరాయిడ్ మళ్లీ చేయించడం మంచిది. రిపోర్ట్ ఎప్పటిదో తేదీ చూడండి. మరీ పసికందుగా ఉన్నప్పుడు చేసిన పరీక్షని నమ్ముకుని ఊరుకోకూడదు. అన్నిటికీ ఒకే సూదితో రక్తం తీయమని ముందే చెప్పండి.

మాటలు తక్కువగా ఉంటే వినికిడి పరీక్ష. పళ్లు లెక్కపెట్టించండి, రెండున్నర, మూడేళ్లకి ఇరవై పాలపళ్లూ వచ్చేస్తాయి. తల్లిదండ్రులు తెలియని పిల్లలకి పుట్టినతేదీ డాక్టర్లు అంచనా వేసి రాస్తారు, పళ్లు చూస్తే ఆ అంచనా ఎంత సరిగ్గా ఉందో కొంత అర్థమవుతుంది. ఇక బరువు, ఎత్తు, తల చుట్టుకొలత. గ్రోత్ చార్టులో మొదటి చుక్క కిందుంటే కంగారు పడకండి. వచ్చే ఆరునెలల్లో ఆ చుక్కలు ఎటు పోతున్నాయన్నదే మేం చూసేది.

నర్స్‌అక్క
డాక్టర్ గారు చెప్పినదానికి కౌంటర్ ఇవతల సంగతులు కలుపుతాను.

ఒక రోజు ముందు క్లినిక్‌కి ఫోన్ చేయండి. "దత్తత పాప, కుటుంబ చరిత్ర తెలియదు, పాప ముందు అడగొద్దు" అని చెప్పి, అదే నాలుగు ముక్కలు చీటీ మీద రాసి ఫైలు పైన క్లిప్ పెట్టండి. పొద్దున మొదటి నంబర్ తీసుకోండి, వెయిటింగ్ హాల్లో ఏడ్చే పిల్లల మధ్య కూర్చోబెట్టకండి. బట్టలన్నీ ఒకేసారి విప్పనివ్వకండి. మీ ఒళ్లోనే కూర్చుని స్టెతస్కోప్ పెట్టించుకోవచ్చు. సూది ఆఖరికి.

శిశుగృహలో పాపని ఏ పేరుతో పిలిచేవారో డాక్టర్‌కి చెప్పండి. మీరు కొత్త పేరు పెట్టి ఉంటే, ఆ పేరుతో పిలిచినప్పుడు తిరిగి చూడకపోతే చెవుడేమో అని రాసేస్తారు. నేను కళ్లారా చూశాను.

ఇంకోటి. సూది గుచ్చినా ఏడవని పిల్లలుంటారు. "అబ్బ, ఎంత మంచి పిల్లో" అంటారు అందరూ. ఏడిస్తే ఎవరూ రాని చోట పెరిగిన పిల్లలు అలా ఊరుకోవడం నేర్చుకుంటారండీ. ఏడవకపోయినా ఎత్తుకోండి, "నొప్పేసిందా అమ్మా" అని చేతిమీద ఊదండి. నొప్పేస్తే అమ్మ దగ్గరికి వెళ్లాలి అన్నది కూడా ఆ పిల్లకి కొత్త పాఠమే.

కొత్తనాన్న_రాజమండ్రి
@నర్స్‌అక్క ఇది చదివి మా ఆవిడకి చూపించాను. పాప మొన్న గడప తట్టుకుని పడింది. మోకాలు చీరుకుపోయింది, చప్పుడు చేయలేదు. లేచి గౌను దులుపుకుంది. మేం ధైర్యం ఎక్కువ అనుకున్నాం.

శిశుగృహలో "చిట్టి" అనేవారట. మేం వేరే పేరు పెట్టాం, చిట్టి అంటేనే తిరుగుతోంది.

పాలపిట్ట
అయితే ఇంట్లో చిట్టి అనే పిలవండి. బడి రిజిస్టర్‌లో ఒక పేరు, ఇంట్లో ఇంకో పేరు లేని తెలుగువాళ్లు ఎవరున్నారు చెప్పండి! మా ఇంట్లో యాభై ఏళ్ల బుజ్జి ఉన్నాడు, బ్యాంకు మేనేజరు.

మౌనంగా_చదివేవాడు
నాదొక మాట. డాక్టర్‌కి దత్తత అని చెప్పడం ఎందుకు? ఒకసారి కాగితం మీదకి ఎక్కితే జీవితాంతం ఉంటుంది. రేపు పెళ్లి సంబంధాలప్పుడు ఎక్కడో బయటపడుతుంది. "నార్మల్ డెలివరీ, మూడు కేజీలు" అని చెప్పేస్తే సరిపోతుంది.

నేనూ_అలాగే_వచ్చా
@మౌనంగా_చదివేవాడు మీ మాట నాకు కష్టంగా అనిపించింది, అందుకే రాస్తున్నాను. నేను దత్తత వచ్చినదాన్నే. ముప్పై దాటాయి. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అమ్మ చెబుతూనే ఉంది కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఇదొక రహస్యం కాలేదు. మా పెద్దమ్మ మాత్రం నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లినప్పుడల్లా మీరన్నట్టే చేసేది. "మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా" అంటే "వాళ్ల తాతకి ఉంది, మేనత్తకి ఉంది" అనేది. ఆ తాతకీ నాకూ రక్తసంబంధం లేదు. నా ఫైలులో ఏళ్లతరబడి లేని షుగర్ చరిత్ర ఉండిపోయింది. నేను గర్భంతో ఉన్నప్పుడు ఆ ఫైలు చూసి డాక్టరమ్మ ఒకటి అనుకుంటే అసలు సంగతి ఇంకొకటి.

ఇప్పుడు ఏ ఫారం ఇచ్చినా నేనే రాస్తాను, "కుటుంబ ఆరోగ్య చరిత్ర తెలియదు" అని. అందులో తల దించుకోవాల్సింది ఏముంది? సిగ్గుపడి దాచిన విషయం పిల్లకి సిగ్గుచేటుగానే చేరుతుంది.

కొత్తనాన్న గారూ, డాక్టర్‌కి చెప్పండి. కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లకి చెప్పక్కర్లేదు. పాప ఎలా వచ్చింది, ఎందుకు వచ్చింది అన్నది పాప సొత్తు. బంధువులకి కూడా అందులో వాటా ఇవ్వకండి.

చిన్నపిల్లల_డాక్టర్
పై పోస్టుతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. తెలియదు అని రాస్తే మేం ఆ ప్రకారం పరీక్షలు చూసుకుంటాం. తప్పుడు చరిత్ర ఉంటే తప్పుడు దారిలో వెతుకుతాం.

మౌనంగా_చదివేవాడు
అలా ఆలోచించలేదు. అయినా మన ఊళ్లలో నోళ్లు ఎలాంటివో మీకు తెలుసు. ఆ భయంతోనే అన్నాను.

హన్మకొండ_టీచర్
ప్రయాణం సంగతికి వస్తాను, తాతగారు అన్నదానికి నాకు అభ్యంతరం ఉంది.

మా బాబు నాలుగేళ్ల వయసులో వచ్చాడు. వచ్చిన కొత్తలో వేములవాడ పోదామని రాత్రి సూట్‌కేస్ మంచం మీద పెట్టి బట్టలు సర్దుతున్నాను. వాడు వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. కాసేపటికి వెతికితే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చెప్పులు వేసుకుని, వచ్చినరోజు వేసుకున్న చొక్కా చేతిలో పట్టుకుని. వాడికి తెలిసిన ప్రయాణం ఒకటే. సామాను సర్దారంటే ఇంకో చోటికి పంపేస్తున్నారని.

మా ఆయన ఆ రాత్రే సూట్‌కేస్ అటక మీద పెట్టేశాడు. తర్వాత కొన్ని వారాలు ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాత మొదట పొద్దున పోయి సాయంత్రం వచ్చే ప్రయాణాలు, రాత్రికి మళ్లీ వాడి మంచం మీదే నిద్ర. ఊరికి పోయిన మొదటిసారి వాడి దుప్పటి, ఇష్టమైన బండి బొమ్మ కావాలనే ఇంట్లో వదిలేశాం. "ఇవి ఇక్కడే ఉంటయి, రేపు వచ్చి తీసుకుంటవు" అని వాడిచేతనే మంచం మీద పెట్టించాం. తిరిగొచ్చినప్పుడు పరుగెత్తుకెళ్లి చూసుకున్నాడు. నమ్మకం కుదిరాక ఇప్పుడు అందరికన్నా ముందు బ్యాగు వాడే సర్దుతాడు, స్వెటర్ వద్దంటే వినడు, మే నెలలో కూడా!

పెన్షనర్_తాత
టీచరమ్మా, చొక్కా సంగతి చదివి మనసు చివుక్కుమంది. కానీ మా కాలంలో ఎవరి పిల్లల్ని ఎవరో పెంచేవారు, పెళ్లిళ్లకీ జాతర్లకీ బండెక్కించి తీసుకుపోయేవారు. పిల్లలు బాగానే పెరిగారు.

హన్మకొండ_టీచర్
వాళ్లు పుట్టినప్పటినుంచీ ఆ మొహాలు చూసి ఉంటారు తాతగారూ. ఈ పాపకి నెలరోజుల కింద ఈ ఇంట్లో ఒక్క మనిషి తెలియదు.

నర్స్‌అక్క
"మా పాప ఎవరి చేతుల్లోకైనా వెళ్లిపోతుంది, కొత్తే లేదు" అని మురిసిపోయే తల్లులు వస్తుంటారు. రెండున్నరేళ్ల పిల్లకి కొత్త ఉండాలండీ. అందరూ ఒకటే అనిపించినప్పుడే అందరి దగ్గరికీ వెళ్తారు. కొన్ని నెలలపాటు అన్నం పెట్టడం, స్నానం, నిద్రపుచ్చడం మీ ఇద్దరే చేయండి. నానమ్మ పక్కన కూర్చుని కథ చెప్పొచ్చు. టెంపోలో ఒళ్లు మార్చుకుంటూ తిరుపతి దాకా వెళ్తే మీరిద్దరూ ఆ బండిలో ఇంకో ఇద్దరు మనుషులు అయిపోతారు.

విశాఖ_అలలు
వాంతుల సంగతి ఎవరూ చెప్పలేదు. చాలామంది పిల్లలు హోమ్ నుంచి బయటికి కారెక్కిందే లేదు. మా అమ్మాయికి గాజువాక దాటేసరికే తిప్పేసేది. దగ్గర ప్రయాణాలతో అలవాటు చేయండి. కడుపు నిండా పాలు పట్టి ఎక్కించకండి, ఇడ్లీ ముక్కో అరటిపండో చాలు. ముందుకి చూసేలా కూర్చోబెట్టండి. వాంతుల మందు డాక్టర్ రాస్తేనే.

తినేది ఏదో ఒకటి పాపకి అందేలా ఉంచండి. మా అమ్మాయి బిస్కెట్లు దిండు కింద దాచుకునేది. తిట్టకుండా దానికే ఒక డబ్బా ఇచ్చి, ఎప్పుడూ ఖాళీ అవకుండా చూసుకున్నాం. దాచుకోవడం దానంతటదే తగ్గింది.

రైలంటే ఇంకా మంచిది, అటూ ఇటూ నడవొచ్చు. ఐదేళ్లలోపు టికెట్టే లేదు.

శిశుసంక్షేమం_ఉద్యోగి
కాగితాల సంగతి. 2022 నిబంధనలు వచ్చినప్పటినుంచి దత్తత ఆర్డర్ కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్ ఇస్తారు. అది వచ్చేదాకా పాప ప్రీ-అడాప్షన్ ఫోస్టర్ కేర్‌లో ఉన్నట్టు. ఊరు దాటి వెళ్తే ఆ కాగితం జిరాక్స్, మీ ఇద్దరి ఆధార్ దగ్గర పెట్టుకోండి, శిశుగృహకి ఒక మాట చెప్పండి. వాళ్లు ఆపడానికి కాదు. దారిలో ఎవరైనా అడిగితే అటునుంచి సమాధానం చెప్పే మనిషి ఉండాలి కదా.

ఆర్డర్ వచ్చాక మీ పేర్లతో బర్త్ సర్టిఫికెట్, దాంతో పాపకి నీలం రంగు బాల ఆధార్. పాప మీ ఇంటికి వచ్చిన రోజు నుంచి రెండేళ్లపాటు ఆరునెలలకోసారి మావాళ్లు చూడటానికి వస్తారు. కంగారుపడి ఇల్లంతా సున్నం కొట్టించకండి, మేం చూసేది పాపని.

వెయిటింగ్‌లో_ఉన్నాం
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు ఇంకా రెఫరల్ (ఫలానా పాప అని వివరాలు పంపడం) రాలేదు. మెడికల్ రిపోర్టుని ఒప్పుకోకముందే మన డాక్టర్‌కి చూపించుకోవచ్చా?

శిశుసంక్షేమం_ఉద్యోగి
@వెయిటింగ్‌లో_ఉన్నాం చూపించుకోవచ్చు. రెఫరల్ వచ్చాక 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి. ఆ తర్వాత పాపని చూసి, రిపోర్టు మీకు నమ్మకమున్న డాక్టర్‌తో చదివించుకుని, 30 రోజుల్లోపు అంగీకారం తెలపాలి. ఇప్పుడే ఒక పిల్లల డాక్టర్‌ని మాట్లాడి పెట్టుకోండి. 48 గంటలు ఇట్టే అయిపోతాయి.

డల్లాస్_దీప
విదేశాల్లో ఉన్నవాళ్ల కోసం ఒక ముక్క. మాకు పాప మొదటి పెద్ద ప్రయాణమే విమానం. అమెరికా వీసాకి ఎంబసీ గుర్తించిన డాక్టర్ల దగ్గరే మెడికల్ చేయించాలి, హైదరాబాద్‌లోనూ ఉన్నారు. రెండేళ్లు నిండిన పిల్లలకి టీబీ కోసం రక్త పరీక్ష ఉంటుంది, దాని రిపోర్టుకి టైమ్ పడుతుంది. ఆ లెక్క చూసుకుని టికెట్ బుక్ చేయండి.

అత్తగారి_కోడలు
ఇంతసేపూ చదివాను. ఇక్కడ అసలు కష్టం అమ్మగారికి "వద్దు" అని చెప్పడం. ముడుపు కట్టించండి! పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి, "స్వామీ, పాప కాస్త కుదుటపడ్డాక వచ్చి మొక్కు తీర్చుకుంటాం" అని అమ్మగారి చేతే కట్టించి దేవుడి గూట్లో పెట్టించండి. మొక్కు పోలేదు, వాయిదా పడింది.

పెన్షనర్_తాత
ఇది సరైన మాట. ముడుపు కట్టాక దేవుడికీ తొందరలేదు, మీ అమ్మగారికీ మనసు నిలకడగా ఉంటుంది. అయితే బాబూ, ఆవిడని మరీ దూరం పెట్టకండి. పిల్ల కోసం ఆవిడ కూడా మీతో సమానంగా ఎదురుచూసింది.

కొత్తనాన్న_రాజమండ్రి
చెకప్ అయింది.

ముందురోజు ఫోన్ చేసి చెప్పాను, చీటీ పెట్టాను. డాక్టర్ గారు చీటీ చదివి తల ఊపారు, పాప ముందు ఒక్క ప్రశ్న వేయలేదు. చిట్టీ అని పిలిచి స్టెతస్కోప్ ముందు నా గుండె మీద, తర్వాత పాప చేతిలోని బొమ్మ మీద, ఆ తర్వాత పాప మీద పెట్టారు. పళ్లు పద్దెనిమిది ఉన్నాయి. రాసిన వయసుకన్నా కొంచెం చిన్నదై ఉండొచ్చట, దాన్ని బట్టి చూస్తే బరువు మరీ అంత తక్కువేం కాదన్నారు. బీసీజీ మచ్చ ఉంది. మీజిల్స్ రెండో డోసు కార్డులో లేదు, వేశారు. వారం పది రోజుల్లో కాస్త జ్వరం, ఒంటిమీద పొక్కులు రావొచ్చన్నారు. టెంపో ఎక్కి ఉంటే సరిగ్గా ఆ సమయానికి కొండ మీదో, తిరుగు దారిలోనో ఉండేవాళ్లం.

రక్తం తీసినప్పుడు ఏడవలేదు. మా ఆవిడ మాత్రం ఎత్తుకుని చేతిమీద ఊదుతూనే ఉంది. ఇంటికొచ్చాక సాయంత్రం పాప తనే చెయ్యి చాపి చూపించి "ఊదు" అంది. అప్పటికి నొప్పి ఏమీ ఉండదు, అయినా వంద సార్లు ఊదించుకుంది.

అమ్మ ముడుపు కట్టింది. మొదట మొహం ముడుచుకుంది కానీ, టీచర్ గారి బాబు సంగతి చదివి వినిపిస్తే తనే బాబాయికి ఫోన్ చేసి టెంపో వద్దని చెప్పింది. ఆదివారం కడియం నర్సరీలకి వెళ్తున్నాం, మేం ముగ్గురం, అమ్మ. మధ్యాహ్నానికి ఇల్లు చేరాలని ప్లాన్. తిరుమల కలెక్టర్ ఆర్డర్ వచ్చాకే, అది కూడా రైల్లో.

హన్మకొండ_టీచర్
కడియంలో పాపకి ఒక మొక్క కొనిపెట్టండి, తనే కుండీలో నాటాలి. రేపు మళ్లీ నీళ్లు పోయాలి కదా, ఇక్కడే ఉంటాననుకుంటుంది.

విశాఖ_అలలు
గులాబీ వద్దు, ముళ్లు. బంతి.

పాలపిట్ట
ఐరన్ సిరప్ మొదలుపెట్టారా? మావాడికి పళ్లు నల్లబడ్డాయి, దొడ్డికి కూడా నల్లగా వెళ్లేవాడు. ఇది మామూలేనా డాక్టర్ గారూ?

చిన్నపిల్లల_డాక్టర్
దొడ్డికి నల్లగా వెళ్లడం మామూలే, మందు ఆపకండి. తారులా జిగటగా ఉన్నా, కడుపునొప్పి ఉన్నా మాత్రం చూపించండి. సిరప్ నాలుక వెనక భాగంలో పడేలా పోసి, వెంటనే నీళ్లు తాగించి పళ్లు తోమితే మరక పట్టదు. పట్టినా శాశ్వతం కాదు, డెంటిస్ట్ శుభ్రం చేస్తారు. నెల తర్వాత హిమోగ్లోబిన్ మళ్లీ చూపించుకుని ఆ అంకె ఇక్కడ రాయండి.